ఉషస్తి తాగని నీళ్లు

మామిడిరసాన్ని పొయ్యి మీద పెడితే అన్నిటికంటే ముందు పోయేది దాని వాసన. గిలక్కొట్టిన మీగడకు వేడి తగిలితే పట్టి ఉంచిన గాలి కాస్తా పోయి నెయ్యి విడిపోతుంది. తేనెను కాచవద్దని చరకసంహిత గట్టిగానే హెచ్చరించింది. ఇలా నిప్పు సోకకూడని వస్తువులతో చేసే మూస్‌లు, ఓవెన్ మొహం చూడని చీజ్‌కేకులు, పండ్ల క్రీములు ఇప్పుడు మన పెళ్లివిందుల్లోకీ వచ్చేశాయి. వీటన్నిటిదీ ఒకటే ఇబ్బంది. వేడి లేకుండానే చిక్కబడాలి, గిన్నెలోంచి తీశాక కూడా నిలబడాలి. పాయసానికి ఈ బాధ లేదు, బియ్యమూ మంటా కలిసి ఆ పని చేసిపెడతాయి. మొక్కజొన్నపిండి ఉడికితే తప్ప చిక్కబడదు. ఇక మిగిలిన తేలికదారి జెలటిన్. చన్నీళ్లలో నానబెట్టి, గోరువెచ్చగా కరిగించి, చల్లటి క్రీములో కలిపి ఫ్రిజ్‌లో పెడితే చాలు. సుమారు 35 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి నోట్లో పెట్టుకోగానే జారిపోతుంది. శాకాహారులు దానికి బదులుగా వాడే చైనా గ్రాస్, అంటే సముద్రంలో పెరిగే నాచు నుంచి తీసే అగర్, 85 డిగ్రీలు దాటి మరిగితే గాని కరగదు. కరిగినది కూడా 40 డిగ్రీలకు దిగేసరికి బిగుసుకోవడం మొదలుపెడుతుంది, చల్లటి మీగడలో పోస్తే ఉండలు కడుతుంది. అంటే ఇక్కడ వంట పద్ధతే వంటవాణ్ణి జెలటిన్ వైపు నెడుతోంది. ఆ జెలటిన్ వచ్చేది పందిచర్మం నుంచి, పశువుల తోలు, ఎముకల నుంచి. కాబట్టి ఏ జిగురు వాడాలన్నది వంటింటి ప్రశ్నగానే ఆగిపోదు.

చర్మంలోనూ ఎముకలోనూ ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తును ఆమ్లంలోనో సున్నంలోనో రోజుల తరబడి నానవేసి, వేడినీళ్లలో ఊరించి, వడపోసి, ఆరబెడితే జెలటిన్ పలకలు వస్తాయి. వాటికి రంగు లేదు, వాసన లేదు, రుచి అంతకన్నా లేదు. చూసినవాడెవడూ మాంసమనడు. ఇంతగా మారిపోయిన వస్తువుకు దాని పుట్టుక ఇంకా అంటుకుని ఉంటుందా, లేక రూపంతో పాటు దోషమూ పోతుందా? ఈ ప్రశ్న మీద మతపండితులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు, ఆ వాదాలు వినదగ్గవే. అయితే ఆ ప్రశ్న రెండోదనీ, దానికంటే ముందు అడగవలసినది మరొకటి ఉందనీ, ఆ మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే రెండోదాని అవసరం చాలావరకు తీరిపోతుందనీ నా వాదన.

ముందు రూపం మారడం సంగతి చూద్దాం. ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో దీన్ని ఇస్తిహాలా అంటారు. మద్యం నిషిద్ధం, అదే పులిసి వెనిగర్ అయితే తినవచ్చు. హనఫీ సంప్రదాయం ఈ సూత్రాన్ని ధారాళంగా వర్తింపజేస్తుంది, షాఫియీలు మాత్రం మద్యం తనంతట తాను మారితేనే ఒప్పుకుంటారు, మనిషి ఏదైనా కలిపి మార్చితే ఒప్పుకోరు. జెలటిన్ విషయంలో ఈ తేడాయే పెద్దదై కూర్చుంది. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, పంది నుంచి తీసిన జెలటిన్‌ను ఆహారంలో వాడరాదని తేల్చింది. మొక్కల నుంచి, ధర్మబద్ధంగా కోసిన జంతువుల నుంచి వచ్చేది ఉండగా దానితో పనేమిటన్నది అక్కడ చెప్పిన కారణం. 1995లో కువైట్‌లో వైద్యులూ ధర్మశాస్త్రజ్ఞులూ కలిసి జరిపిన సదస్సు ఇందుకు భిన్నంగా, వస్తువు పూర్తిగా మారిపోయింది కనుక అది శుద్ధమేనంది. పదేళ్లు తిరగకుండానే రెండు తీర్పులు వచ్చాయి. రెండోది వస్తువు లోపలికి చూసింది. మొదటిది వస్తువును పక్కనపెట్టి చుట్టూ ఇంకేమున్నాయో చూసింది. ఈ తేడా గుర్తుంచుకోదగ్గది.

యూదుల్లోనూ ఇదే గొడవ. విల్నా నగరపు రబ్బీ హాయిమ్ ఓజర్ గ్రోజెన్‌స్కీ (మరణం 1940), ఎండి కట్టెలా అయిపోయిన ఎముక ఆహారమే కాదు గనుక దాని నుంచి తీసిన జెలటిన్‌కు నిషేధం అంటదన్నాడు. తర్వాత అమెరికాలో రబ్బీ ఆరోన్ కోట్లర్ దీన్ని ఒప్పుకోలేదు. మధ్యలో ఎంత ఎండినా చివరకు తినడానికే తయారుచేస్తున్నప్పుడు అది ఆహారం కాదని ఎలా అంటాం అన్నది ఈ పక్షం ప్రశ్న. నాకు ఈ ప్రశ్నే బలంగా కనిపిస్తుంది. ఎముక ఆహారం కాకుండా పోయిందన్న మాట ఆధారంగానే దాన్ని ఆహారంగా వాడుకోవడంలో ఏదో మెలిక ఉంది.

రసాయనశాస్త్రాన్ని అడిగినా జెలటిన్ తరఫున గట్టి సాక్ష్యం రాదు. మద్యం వెనిగరైనప్పుడు ఆల్కహాల్ అణువు నిజంగానే పోయి, మరో అణువు దాని చోటికి వస్తుంది. కొల్లాజెన్ జెలటిన్ అయ్యేటప్పుడు జరిగేది అది కాదు. కొల్లాజెన్‌లో మూడు పోగులు పురి పెట్టుకుని ఉంటాయి. ఆమ్లమూ వేడీ ఆ పురి విప్పుతాయి, పోగులు అక్కడక్కడ తెగుతాయి కూడా. కాని పోగు మాత్రం అదే పోగు. చల్లారినప్పుడు అవి మళ్లీ పాత పద్ధతిలోనే మూడేసి చొప్పున అక్కడక్కడ పెనవేసుకుంటాయి, ఆ పెనల మధ్య నీళ్లు చిక్కుపడతాయి, దాన్నే మనం గడ్డకట్టడం అంటున్నాం. జంతువు చర్మాన్ని బిగువుగా నిలబెట్టిన అమరికే మూస్‌నూ నిలబెడుతోందన్నమాట. పుట్టుకను పూర్తిగా పోగొట్టుకుని ఉంటే జెలటిన్ మనకు పనికొచ్చేదే కాదు. పూర్తిగా మారిపోయిందంటూ దాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు, అది ఏ గుణం వల్ల ఉపయోగపడుతోందో ఆ గుణాన్నే లెక్కలోంచి తీసేస్తున్నారు.

మన సంప్రదాయంలో ఆహారదోషాలను మూడుగా లెక్కపెట్టారు. శ్రీభాష్యంలో రామానుజులు వివేకాన్ని వివరిస్తూ, జాతిదోషం, ఆశ్రయదోషం, నిమిత్తదోషం లేని అన్నం తినాలంటారు. వస్తువు స్వభావం వల్ల వచ్చేది మొదటిది, అది ఎవరి దగ్గరి నుంచి వచ్చిందన్న దాన్నిబట్టి వచ్చేది రెండోది, వెంట్రుకో పురుగో పడటం వల్ల వచ్చేది మూడోది. శంకరులు ఛాందోగ్యంలోని ఆహారశుద్ధి మాటను అసలు అన్నానికే పరిమితం చెయ్యలేదు, ఇంద్రియాలు లోపలికి తెచ్చుకునే విషయాల శుద్ధిగా చెప్పారు. శంకరుల వ్యాఖ్యను పట్టుకుని, మనసు శుద్ధంగా ఉంటే జెలటినైతేనేం అనేవాళ్లున్నారు. లోపలికి తెచ్చుకునే ప్రతిదానిలోనూ రాగద్వేషాలు, మోహం లేకుండా చూసుకోమన్న గురువు, నాలుక కోరే నునుపు కోసం జంతువు చర్మాన్ని లెక్కచేయకపోవడాన్ని మెచ్చుకుంటాడని నేననుకోను. ఇక ఈ మూడు దోషాల్లో జెలటిన్‌ది ఏదంటే తేల్చి చెప్పడం కష్టం. కావలసిన పద్దు మనుస్మృతి ఐదో అధ్యాయంలో ఉంది. అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరూ ఘాతకులేనని అక్కడ జాబితా. మాంసం విషయంలో మనువు ఒక మాట మీద నిలబడడు, యజ్ఞం పేరుతో అదే అధ్యాయంలో సడలింపులూ ఉన్నాయి. అయినా ఈ జాబితాలో ఒక గొప్ప ఊహ ఉంది. దోషం వస్తువును అంటుకుని ప్రయాణం చెయ్యదు, మనుషుల చేతుల మీదుగా సాగుతుంది. అలా చూస్తే వస్తువు రూపం మారిందా లేదా అన్నది పక్కకు పోతుంది. ఏ రూపంలో ఉన్నా కొన్న చెయ్యి కొన్నట్టే.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పదు. శంఖం నత్తజాతి ప్రాణి గుల్ల, అందులో తీర్థం పోస్తాం. కస్తూరి మృగం నుంచి వచ్చింది, దేవుడి నుదుట దిద్దాం. జింకచర్మం మీద కూర్చుని జపం చేశాం, చామరం వీచాం. జెలటిన్ దగ్గరికి వచ్చేసరికే ఈ మడి ఎందుకు? ఆక్షేపణ న్యాయమైనదే. శంఖం తినేది కాదనో, ప్రాణి చచ్చాక ఒడ్డుకు కొట్టుకొచ్చిందనో చెప్పి తప్పించుకోవచ్చుగాని కస్తూరికి ఆ సాకు నిలవదు, దానికోసం మృగాలను వేటాడి చంపారు. నిజాయితీగా చెప్పాలంటే, సంప్రదాయం ఒప్పుకున్నదల్లా హింస లేనిదని వాదించలేం. కాని ఒక పాత పొరపాటు కొత్తదానికి అనుమతిపత్రం కాదు. పైగా కస్తూరి వాడుకే అడుగంటింది, ఏ పూజా ఆగలేదు.

ముందు అడగవలసిన ప్రశ్న ఏదో ఇప్పుడు చెప్పవచ్చు. ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలో ఉషస్తి చాక్రాయణుడి కథ ఉంది. కురుదేశంలో పంటలు నాశనమై కరువొచ్చింది. ఉషస్తి భార్యతో సహా ఒక మావటివాళ్ల ఊరు చేరి, గుగ్గిళ్లు తింటున్న మావటిని బిచ్చమడిగాడు. నా ముందున్న ఈ ఎంగిలివి తప్ప వేరే లేవన్నాడు మావటి. అవే పెట్టమని అడిగి పుచ్చుకున్నాడు. తర్వాత మావటి నీళ్లివ్వబోతే, ఎంగిలి నీళ్లు తాగనన్నాడు. మరి గుగ్గిళ్లూ ఎంగిలివే కదా అని మావటి సూటిగానే అడిగాడు. అవి తినకపోతే బతికేవాణ్ణి కాదు, నీళ్లంటావా, నాకు కావాలంటే ఎక్కడైనా దొరుకుతాయి అన్నది ఉషస్తి జవాబు. ప్రాణం పోయే సమయంలో ఏ అన్నానికైనా అనుమతి ఉందని చెప్పే బ్రహ్మసూత్రం (3.4.28) ఆధారపడేది ఈ కథ మీదే. సాధారణంగా ఈ కథలో సగమే చెబుతారు, ఆపద్ధర్మానికి దృష్టాంతంగా. నాకు రెండో సగం ముఖ్యం. ఆ ఎంగిలి, ఆ మావటి, ఆ పూట అన్నీ ఒకటే. అయినా తీర్పు రెండు రకాలుగా వచ్చింది. వస్తువులో తేడా లేదు, ఉన్న తేడా అంతా అది లేకపోతే గడుస్తుందా గడవదా అన్న దానిలోనే. ఈ కథ ఎంగిలిమడికి సంబంధించింది, హింసకు సంబంధించింది కాదు కదా, అందులో కులపు వాసన కూడా ఉంది కదా అంటే, ఉంది. మావటి ముట్టిన నీళ్లు తాగకపోవడం ఇవాళ మనకు ఆదర్శం కాదు, కాకూడదు. నేను తీసుకుంటున్నది ఆ తర్కపు ఎముకనే.

ఈ తర్కం ఒక్క ఉపనిషత్తుదే కాదు. ఖురాన్ రెండో అధ్యాయం నిషిద్ధ పదార్థాలను చెప్పిన చోటే, కోరికతో గాక, హద్దు మీరక, గత్యంతరం లేక తిన్నవాడికి పాపం లేదంటుంది. 2018లో ఇండోనేషియాలో తట్టు, రుబెల్లా టీకా తయారీలో పంది నుంచి వచ్చిన పదార్థం వాడారని తేలినప్పుడు అక్కడి ఉలేమా మండలి చేసినది అచ్చంగా ఉషస్తి చేసినదే. వస్తువు నిషిద్ధమని ఒప్పుకుంది, బదులు టీకా లేదు, పిల్లల ప్రాణాలతో పని కనుక వేయించుకోవచ్చంది. రూపం మారిందన్న వాదనతో నిషేధాన్ని మాయం చెయ్యలేదు. మందు గొట్టానికి వాడే జెలటిన్‌ను, వేరే దారి లేనప్పుడు, ఏ శాకాహారీ తప్పుపట్టనక్కర్లేదు. అవి గుగ్గిళ్లు. మామిడి మూస్‌లో జెలటిన్ నీళ్ల కిందికి వస్తుంది, కాని ఒక షరతు. ఉషస్తికి నీళ్లు నిజంగా వేరేచోట దొరికేవి. పొయ్యి ఎక్కని తీపికి వేరే జిగురు నిజంగా దొరుకుతుందా?

దొరుకుతుంది, కాని అచ్చంగా అదే పని చేసేది ఒక్కటీ లేదు. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ చన్నీళ్లలోనే చిక్కబడుతుంది, ప్రపంచానికి ఎక్కువ భాగం మన దేశమే, ముఖ్యంగా రాజస్థాన్, పండించి ఇస్తోంది. క్యాబేజీకి నల్లకుళ్లు తెచ్చే సూక్ష్మజీవితో చక్కెరను పులియబెట్టి తీసే జాంతన్ గమ్ అమెరికా వ్యవసాయశాఖ పరిశోధనల్లో బయటపడింది, 1969లో అక్కడ ఆహారంలో వాడకానికి అనుమతి వచ్చింది. అరకిలో క్రీముకు చెంచాలో చిన్న భాగం చాలు, వేడి అక్కర్లేదు. మోతాదు మించితే మాత్రం రెండూ జిగటగా సాగుతాయి. పైగా ఇవి చిక్కబరుస్తాయే గాని గడ్డకట్టించవు, కత్తితో కోసే మూస్ వీటితో నిలబడదు. సబ్జా గింజలు నిమిషాల్లో ఉబ్బి చుట్టూ జెల్లీ పట్టుకుంటాయి, కాని పంటికింద తగులుతాయి. గోంద్ కతీరా పేరుతో అమ్మే చెట్టుబంక రాత్రంతా నానితే మంచుముక్కలా ఉబ్బుతుంది. అన్నిటికంటే నాకు నచ్చే దారి ఏదీ కలపకుండా నీళ్లు తీసెయ్యడం. పెరుగును గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే శ్రీఖండ్ చిక్కదనం దానికదే వస్తుంది. పళని గుడి పంచామృతం, 2019లో భౌగోళిక గుర్తింపు పొందినది, అరటిపండు, బెల్లం, తేనె, నెయ్యి, ఖర్జూరాలతో చుక్క నీరు పొయ్యకుండా చేస్తారు, అరటిపండే దానికి జిగురు. శ్రీరామనవమికి వడపప్పు, పానకంతో పాటు మనం పెట్టే పచ్చిచలిమిడి సంగతి చెప్పనక్కర్లేదు. తడిపిండీ బెల్లమూ, ఆ తడి సరిగ్గా కుదిరితే అదే ముద్దవుతుంది. వానప్రస్థుడు నిప్పు మీద వండినదో, కాలం పండించినదో తినాలని మనువు అంటాడు. నిప్పు లేని తీపికి ఆ రెండోదే సరైన దారి, కాకపోతే దానికి ముందురోజే మొదలుపెట్టాలి, హోటలువాళ్లకు నచ్చనిది అదే. ఇంకొక తమాషా ఉంది. పచ్చి అనాస, బొప్పాయి, కివీ రసాల్లో మాంసకృత్తును విరగ్గొట్టే ఎంజైములున్నాయి, వాటిని ఉడికించి కలిపితే తప్ప జెలటిన్ గడ్డకట్టదు. అక్కడ జెలటిన్‌కే నిప్పు కావాలి.

పశువును చంపేది మాంసం కోసం, చర్మమూ ఎముకా ఎలాగూ పారేసేవే, వాటిని వాడుకుంటే అదనంగా ఏ ప్రాణీ పోదు అని ఇంకొకరంటారు. బౌద్ధంలో దీనికి దగ్గరి మాట ఉంది. తనకోసమే చంపారని చూడకపోతే, వినకపోతే, అనుమానం లేకపోతే భిక్షువు మాంసం పుచ్చుకోవచ్చని జీవకసుత్తం. కాని ఆ సడలింపు ఎవరికి? గిన్నెలో ఏది పడితే అది తినవలసిన భిక్షువుకు, ఎంచుకునే హక్కునే వదులుకున్నవాడికి. బజారులో రెండు పొట్లాల ముందు నిలబడిన వంటవాడికి ఎంపిక తప్ప ఇంకేమీ లేదు. పైగా చర్మాన్ని, ఎముకను ఎవరూ పారెయ్యరు, ధర కట్టి అమ్ముతారు, ఆ డబ్బు కబేళా ఆదాయంలో భాగమే. వాటా చిన్నదే కావచ్చు, లేదనడం మాత్రం అబద్ధం.

ఇంతకంటే గట్టి దెబ్బ వేరేవైపు నుంచి వస్తుంది. మీగడ ఎక్కడిది? పాలు ఆగిన ఆవు, పుట్టిన కోడెదూడ చివరికి ఎక్కడికి పోతున్నాయి? జెలటిన్ వద్దని మీగడ వాడేవాడిది సగం చూపు కాదా? చెట్టుబంక కూడా అమాయకమైనదేం కాదు. మన ఏజెన్సీ అడవుల్లో తపసి బంక కోసం చెట్టును లోతుగా నరికితే చెట్టే చచ్చిపోతుంది. జైనుల లెక్కలో పాచి, నాచు అనంతకాయాలు, అనంత జీవులకు ఒకే శరీరం. నానవేసిన పచ్చిగింజ వాళ్లకు ప్రాణమున్నది, అందుకే వాళ్ల సాధువులు నీళ్లను కూడా కాచినవే తాగుతారు. అంటే వేడి చెయ్యని తీపిని మనం సాత్వికమనుకుంటుంటే, వాళ్ల దృష్టిలో నిప్పు తగలకపోవడమే చిక్కు. ఇన్ని ఉన్నా, దీనివల్ల ఎంపిక అర్థం లేనిదవుతుందని నేననుకోను. ఏదీ నిర్దోషం కాదు అన్న మాటకూ, అన్నీ సమానమే అన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. పాల గురించిన ఆక్షేపణకు నా దగ్గర ఖండన లేదు. ఉషస్తి తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్తే కొబ్బరిపాల దగ్గర ఆగవలసి వస్తే రావచ్చు. ఆ మాట మీగడకు చిక్కు తెస్తుందే గాని జెలటిన్‌కు విడుదల ఇవ్వదు.

చివరిగా వడ్డించేవాడి సంగతి. మనువు జాబితాలో వాడూ ఉన్నాడు, తెలియక తిన్నవాడి విషయంలో భారమంతా వాడి మీదే పడుతుంది. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, జంతుసంబంధమైన పదార్థం ఎంత కొంచెం కలిసినా ఆ ఆహారం శాకాహారం కాదనీ, ప్రతి పదార్థం మొక్క నుంచి వచ్చిందో జంతువు నుంచి వచ్చిందో చెప్పి తీరాలనీ అంది. అది పొట్లాలకు బాగానే పనికొస్తుంది. పెళ్లివిందులో గాజుగ్లాసుల్లో వరసగా పెట్టిన మూస్‌కు చుక్కా ఉండదు, చీటీ ఉండదు. అడిగితే చెబుతామని కేటరింగువాళ్లు అంటారు. పప్పు, గుత్తివంకాయ, పులిహోర ఉన్న వరసలోనే అది కనిపించినప్పుడు శాకాహారి అతిథికి అడగాలని తోచదు.